మోకు వదలమన్న మెయిల్

చుట్టు 3106, పగలు

టపా గది కిటికీ తుడవడం ఈ చుట్టు నా వంతు. బయటి అద్దం మీద పసుపు చెమట పట్టినట్టు ఆమ్లం పేరుకుంటుంది. గోడకు బిగించిన రబ్బరు తొడుగులోకి చెయ్యి దూర్చి, సోడా నీళ్ల గుడ్డతో బయటి వైపు నుంచి తుడవాలి. సగం తుడిచానో లేదో తీగ మోగింది. నూట పద్దెనిమిదో బుడగ నుంచి ఎల్లాజీ భార్య, కన్నతల్లి వదిన.

"పైడీ, మా ఆయన బుజం ఎముక ఇరిగిపోనాది," అంది. ఏడవడం లేదు. కోపంగా ఉంది. "మోకు తెగొచ్చి కొట్టీసింది. వదలమని మెయిల్ ఎందుకు పంపనేదు మీరు?"

వెంటనే టపా పుస్తకం తీసి చూశాను. నిన్న కొండ అల దాటబోయే ముందు గాలి గది సర్వర్ మూడు వందల నలభై బుడగలకు మూడు వందల నలభై మెయిళ్లు పంపింది. ప్రతి అంకె పక్కనా "చేరింది" అని ఉంది. 118 పక్కన కూడా.

"చేరిందని చూపిస్తోంది వదినా."

"ఎక్కడికి చేరినాది? నా ఇన్‌బాక్సులో నేదు. ఆయన పొద్దుట్నుంచీ దాని ముందే కూకున్నాడు. రానేదు కాబట్టి ఈసారి అల చిన్నదే అనుకున్నాడు."

శుక్రుడి మబ్బుల్లో, ఇంటికో బుడగగా, మా తేలూరుని గాలే మోసుకుపోతుంది. నాలుగు రోజులకోసారి గ్రహాన్ని చుట్టి వస్తాం. ఒక చుట్టులో సగం పగలు, సగం చీకటి. ప్రతి చుట్టులోనూ ఒకచోట, ఎక్కడో యాభై కిలోమీటర్ల కింద, కొండల వరస ఉంది. ఆ కొండలు మేమెవరం చూడలేదు. వాటి మీదుగా పోయేటప్పుడు గాలి పైకి లేస్తుంది, దాంతో మేమూ లేస్తాం. బుడగలన్నీ ఒకేలా లేవవు. పక్క బుడగతో కట్టిన మోకుని ఎవరు ఎన్ని మీటర్లు, ఏ నిమిషంలో వదలాలో గాలి గది లెక్క కట్టి ఎవరిది వాళ్లకు పంపుతుంది. తక్కువ వదిలితే మోకు తెగుతుంది. ఎక్కువ వదిలితే బుడగలు గుద్దుకుంటాయి.

కన్నతల్లి తీగ పెట్టేసింది. పుస్తకంలో "చేరింది" అన్న మాట మీద వేలు పెట్టి కూర్చున్నాను. ఆ మాట నిజమే. ఆవిడ మాటా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో వెళ్లి చూడాలి.

చుట్టు 3106, పగలు చివర

మోకుల మీద నడిచే బుట్టలో నూట పద్దెనిమిదికి వెళ్లాను. బుట్టల మీద, మోకుల మీద పెత్తనం లచ్చికాంతం అప్పది. నన్ను ఎక్కిస్తూ, "మెయిలూ లేదు గియిలూ లేదు. ఎల్లాజీ నిద్దరోయుంటాడు," అంది.

బుట్టలో ఎక్కడం నాకు కొత్త కాదు. అయినా మధ్యకి వచ్చేసరికి ప్రతిసారీ అంచు గట్టిగా పట్టుకుంటాను. ముందు మోకు మబ్బులో కలిసిపోతుంది, వెనక మోకు మబ్బులో కలిసిపోతుంది. కింద కాగుతున్న బెల్లప్పాకం లాంటి వెలుగు. దానికి అడుగు లేదు.

ఎల్లాజీ చెయ్యి మెడకు కట్టుకుని పడుకున్నాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను. ఇన్‌బాక్సు తెరిచాను. వాళ్ల అత్తగారి కబుర్లు, బడి హాజరు, వంటగది వంతుల జాబితా. గాలి గది నుంచి ఒక్కటీ లేదు. తర్వాత స్పామ్ ఫోల్డర్ తెరిచాను.

రెండు వేల తొమ్మిది వందల పద్నాలుగు మెయిళ్లు. అన్నీ గాలి గదివే. అన్నిటికన్నా పైన నిన్నటిది: "118వ బుడగ. పదకొండు మీటర్లు. పది గంటల ఇరవై రెండు నిమిషాలకు."

ఎల్లాజీ తెర వైపు మెడ చాచి రెండుసార్లు చదివాడు. "ఇది నాకోసమే రాసినాది," అన్నాడు మెల్లిగా. "ఇక్కడే ఉందా? నా పక్కనే?"

"చెత్తలో ఏసీసిందా?" అంది కన్నతల్లి.

మెయిల్ సర్వర్ దాటింది, బుడగ గుమ్మం దాటింది. అక్కడ కావలి దాన్ని పట్టి చెత్తలో వేసింది. స్పామ్ ఫిల్టర్‌ని మా ఊళ్లో కావలి అంటారు. ప్రతి బుడగకూ ఒకటి. 1450వ చుట్టులో ఎవరో గాలి గది పేరుతో దొంగ మెయిల్ పంపారు. దాన్ని నమ్మి బుడగలోని గాలి బయటికి వదిలే మర తిప్పినందుకు ముగ్గురు పోయారు. అప్పటి నుంచీ కావలి తాళం ఆ ఇంటివాళ్ల చేతిలోనే ఉంటుంది. టపా గదికి కూడా దాన్ని ముట్టుకునే హక్కు లేదు.

కావలి ఎందుకు ఆపిందో రాసుకుంటుంది. కన్నతల్లి చేత తాళం తీయించి చదివాను. మూడు కారణాలు ఉన్నాయి. పంపినవారి సంతకం ఊరి జాబితాతో సరిపోలేదు. ఈ ఇంట్లో ఈ చిరునామా మెయిళ్లను ఎవరూ తెరవరు. ఇరుగుపొరుగు కావళ్లు కూడా వీటిని చెత్తలోనే వేస్తున్నాయి.

మూడోది మళ్లీ చదివాను. ఇది ఒక్క బుడగ సంగతి కాదు. మెయిల్ రాని ఇళ్లవాళ్లు మామూలు అలకు అలవాటు లెక్కన వదిలి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చారన్నమాట.

చుట్టు 3107, పగలు

దానయ్య చిన్నాన్న గాలి గది పెద్ద. ఇరవై రెండేళ్ల వయసులో భూమి నుంచి మొదటి ఓడలో వచ్చాడు. ఇప్పుడు యాభై ఆరు. నేను వెళ్లేసరికి గాలి పటం ముందు నిలబడి ఉన్నాడు. నా మాట సగం విని చెయ్యెత్తాడు.

"ముందు ఇది చూడు పైడీ."

పటంలో కొండల మీద గాలి గీతలు మామూలుగా దువ్వెన పళ్లలా ఉంటాయి. ఇప్పుడు ఒకదాని మీదొకటి ఎక్కి, పడగలా లేచి ఉన్నాయి.

"గాలి కింద పోగు పడిపోతోంది. ఆరు చుట్లలో విడుదలవుద్ది. అంటే 3113లో మనం పైకి చేరేసరికి," అన్నాడు. "ప్రతిసారీ ఎంత లేస్తాం? మూడొందల మీటర్లు. ఈసారి తొమ్మిది కిలోమీటర్లు."

తొమ్మిది కిలోమీటర్ల పైన ఏముంటుందో కూడా నాకు తెలీదు. "మోకులు?" అన్నాను.

"అందరూ చెప్పిన నిమిషానికి వదిలితే ఏం కాదు. మెయిళ్లు పంపుతాంగా."

అప్పుడు చెప్పాను, ఆ మెయిళ్లు ఎక్కడికి పోతున్నాయో. ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

తీగ మీద చెబుదామా అన్నాడు. తీగ మీద మూడు వందల నలభై ఇళ్లకు ఒక్కొక్కరికీ చెప్పడానికి రెండు గంటల పైన పడుతుంది. లెక్క చివరి అరగంట దాకా మారుతూనే ఉంటుంది. బుట్టలో ఇంటింటికీ తిరిగి కావలి తాళాలు తీయిద్దామంటే రోజుకు ఐదు ఇళ్లకు మించి తిరగలేను. మెయిలే చేరాలి.

మొదటి కారణం సాయంత్రానికి దొరికింది. రెండు నెలల పైచిలుకు కిందట గాలి గది పాత సర్వర్ పాడైతే కొత్తది పెట్టారు. గాలి గది పేరుతో ఏ సర్వర్ సంతకం పెట్టవచ్చో ఊరి జాబితాలో రాసి ఉంటుంది. అందులో పాత సర్వర్ పేరే ఉంది. కొత్తది సంతకం పెట్టిన ప్రతి మెయిలూ కావళ్లకు దొంగ సంతకంలా కనిపించింది.

జాబితాలో కొత్త పేరు రాయించాను. పది బుడగలకు పరీక్ష మెయిల్ పంపాను. రెండింటిలో ఇన్‌బాక్సుకు చేరింది. ఎనిమిదింటిలో మళ్లీ చెత్తే.

చుట్టు 3108, పగలు

రెండో కారణం దగ్గర దానయ్య చిన్నాన్నకూ నాకూ మాటా మాటా పెరిగింది.

గాలి గది ఒకే చిరునామా నుంచి ప్రతి బుడగకూ రోజుకు నలభై ఒక్క మెయిళ్లు పంపుతోంది. కిటికీ తుడిచే వంతు గుర్తుచేస్తూ ఒకటి, గోంగూర అరల్లో తేమ గురించి ఒకటి. గంటకోసారి "అంతా బాగానే ఉంది" అని ఇరవై నాలుగు. అందరూ వాటిని చదవకుండా తీసేయడం మొదలుపెట్టారు. అది చూసి కావళ్లు నేర్చుకున్నాయి. ఈ మనిషి మాటలు ఈ ఇంటికి అక్కర్లేదని అనుకున్నాయి. ఒకదానికొకటి చెప్పుకున్నాయి.

"ఆ 'అంతా బాగానే ఉంది' ఆపేద్దాం చిన్నాన్నా."

"ఆపను," అన్నాడు.

"ఎవరూ చదవడం లేదు."

"చదవకపోయినా వెళ్లాలి."

నేను గట్టిగానే అడిగాను, ఎందుకని. ఆయన పటం వైపు తిరిగి చెప్పాడు. వచ్చిన తొలి ఏడు ఆయన బుడగ ఊరి నుంచి తెగి మూడు చుట్లు ఒంటరిగా తేలింది. ఆ పన్నెండు రోజులూ ఊరు ఉందో పోయిందో తెలీలేదు. లోపల నలుగురు ఉన్నారు. మూడో చుట్టుకి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా మానేశారట.

"ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారి ఎవరైనా అంతా బాగానే ఉందని పంపుంటే నా జుట్టు ఇలా నెరిసేది కాదు. సర్వర్ నా చేతికి రాగానే నేను రాసిన మొదటి మెయిల్ అదే," అన్నాడు.

చివరికి ఆయనే అన్నాడు. "రోజుకు ఒకటి ఉండనీ. మిగతా ఇరవై మూడూ తీసెయ్."

మోకుల కోసం విడిగా కొత్త చిరునామా పెట్టాం. దాని నుంచి మోకు మాట తప్ప మరోటి వెళ్లకూడదని ఒప్పుకున్నాం.

చుట్టు 3109, పగలు

ఈరోజు తప్పు నాది. పుస్తకంలో నా పేరుతోనే రాస్తున్నాను.

కొత్త చిరునామా కావళ్లకు ముక్కూ మొహం తెలియని మనిషి. అలాంటి మనిషి మెల్లిగా పరిచయం కావాలి. నాకు తొందర. ఒకేసారి రెండు వందల బుడగలకు పంపాను. తెలియనివాడు ఒక్కసారి రెండు వందల తలుపులు తట్టేసరికి కావళ్లు ఉలిక్కిపడ్డాయి. నూట నలభై మెయిళ్లు చెత్తలో పడ్డాయి. కొత్త పేరు మొదటి రోజే చెడింది. దాన్ని పక్కన పెట్టి ఇంకో చిరునామా తెరవాల్సి వచ్చింది. ఒక చుట్టు పోయింది.

ఎల్లాజీని చూడ్డానికి వెళ్లి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. కన్నతల్లి గంజి ఇచ్చింది.

"కావలి దేన్ని సూసి నమ్ముద్ది?" అని అడిగింది.

"ఇంటివాళ్లు తెరిచి చదివితే కొంచెం. తిరిగి జవాబు రాస్తే చాలా."

"మరి మీ మెయిల్ కింద 'దీనికి జవాబు రాయకండి' అని ఉంటాది కదేటి?"

నిజమే. ముప్పై నాలుగేళ్లుగా ప్రతి మెయిల్ కిందా ఆ మాట ఉంది. నేనే ఎన్నోసార్లు అతికించాను.

"సెప్పిందే సెబితే ఎవులు పలుకుతారు పైడీ? ఏదైనా అడుగు. అడిగితే మా ఊరోళ్లు పలక్కుండా ఉండనేరు," అంది.

ఏం అడగాలో తెలీలేదు. గంజి తాగుతూ కిటికీ వైపు చూశాను. ఆ మాటే రాసేశాను. "మీ కిటికీలోంచి ఇప్పుడు మబ్బు ఏ రంగులో కనిపిస్తోంది? జవాబు రాయండి." పది బుడగలకే పంపాను. ఆ పదింటికీ ముందు తీగ మీద చెప్పాను, చెత్తలో ఉన్నా తీసి చూడమని.

చుట్టు 3110, పగలు

పదింటికి పదీ జవాబులు వచ్చాయి. తర్వాత ముప్పై బుడగలకు పంపితే ఇరవై ఎనిమిది. నలభై మందికి, తర్వాత డెబ్భై మందికి. నిన్నటి వాళ్ల కావళ్లు ఇవాళ్టి వాళ్ల కావళ్లకు చెప్పుకుంటున్నాయి. తీగ మీద నేను ముందుగా చెప్పనివాళ్ల ఇన్‌బాక్సులకు కూడా చేరుతోంది.

పని మధ్యలో ఆ జవాబులు చదవడం మొదలుపెట్టాను. తర్వాత పని ఆగిపోయింది.

"పాలల్లో చిటికెడు పసుపు." "మా అత్త పాత ఇత్తడి చెంబు, తోమకముందు." "పనసతొన." అది రాసిన ముసలాయన భూమి మీద పుట్టాడు. నేను పనసపండు చూడలేదు. ఇప్పుడు దాని రంగు తెలుసు. "నాకు చూపు లేదు. మా ఆవిడ చింతపండు పులుసంటోంది, మా అమ్మాయి కాదంటోంది, ఇద్దరూ దెబ్బలాడుకుంటున్నారు." "రంగు సెప్పడం నాకు రాదు. ఈరోజు మెత్తగా ఉంది." "ఇన్నేళ్లలో ఇది నన్నెవరూ అడగనేదు."

నేను ఇక్కడే పుట్టాను. ముప్పై రెండేళ్లుగా ఈ మబ్బులో ఉన్నాను. అది ఒక్కటే రంగు అనుకున్నాను.

దానయ్య చిన్నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఆగమన్నాడు. బుడగల పటం తెరిచి, ఎవరు ఏ రంగు చెప్పారో ఆ చోట అద్దాడు. ఇత్తడి, చింతపండు ఒక పక్కకు, పాలు ఒక పక్కకు పోగుపడ్డాయి. మధ్యలో వంపు తిరిగిన చార. మబ్బు కింది నుంచి ఎక్కడ లేస్తోందో అక్కడ రంగు ముదురుతోంది. మా పరికరాలకు అందని సన్నటి తేడాని జనం కళ్లు పట్టాయి.

"అల అప్పుడే మనలోంచి పోతోంది. మనం దాని లోపలున్నాం," అన్నాడు దానయ్య చిన్నాన్న.

చుట్టు 3112, పగలు

మూడు వందల ముప్పై తొమ్మిది. ఇన్‌బాక్సులో, తెరిచి, జవాబుతో సహా.

మిగిలింది చిట్టచివరి బుడగ. మూడు వందల నలభై. అక్కడ బంగారి అనే పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ కావలి మెయిళ్లను చెత్తలో కూడా వేయదు. గుమ్మంలోనే తిప్పి కొడుతుంది. తీగ ఎత్తదు. చివర ఒక్క మోకు బిగిసి ఉంటే ఆ వరసంతా లాగేస్తుందని దానయ్య చిన్నాన్న లెక్క చెప్పాడు. ఆ వరసలో అరవై బుడగలున్నాయి.

లచ్చికాంతం అప్ప బుట్ట సిద్ధం చేస్తూ, "ఆవిడ ఇనదు. నాను పదేళ్లుగా సూత్తన్నాను," అంది.

బంగారి తలుపు తీసింది. మజ్జిగ ఇచ్చింది. నేను చెప్పిందంతా విన్నది. అయ్యాక, "1450లో పోయిన ముగ్గురిలో ఒకడు మా తమ్ముడు. తెలుసా?" అంది.

తెలీదన్నాను.

"ఆడికి సదువు రాదు. ఆ దొంగ మెయిల్ నేనే సదివి ఇనిపించేను. మర తిప్పమని అందులో ఉంది. నా నోటితో నేనే సెప్పేను, తిప్పరా అని."

గ్లాసు కింద పెట్టాను.

"సంతకం సరిచేశాం పెద్దమ్మా. ఇప్పుడు దొంగ మెయిల్ రాదు," అన్నాను.

"అప్పుడూ సంతకముంది."

సర్వర్ గురించి, జాబితా గురించి ఎంత చెప్పినా అవి ఆవిడ పోగొట్టుకున్నదాని ముందు మాటలే. చివరికి నాకు తోచింది ఒక్కటే.

"నేను ఇక్కడే ఉంటాను. అల దాటేదాకా. మెయిల్ ఎలాంటిదైనా మనిద్దరికీ కలిపే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీ అమ్మకి సెప్పొచ్చేవా?"

"ఇప్పుడు చెబుతాను."

నేను మాట్లాడి తీగ పెట్టేశాక ఆవిడ మెడలోంచి తాళం తీసింది. "ఆ ఒక్క సిరునామాకే తీస్తాను. ఇంకెవలికీ కాదు," అంది.

చుట్టు 3113, తెల్లవారే అంచు

చీకటి సగం దాటి వెలుగులోకి వస్తూండగా బుడగ వణకడం మొదలైంది. అరల్లో గిన్నెలు చిన్నగా మోగాయి. బంగారి తెర ముందు, నేను మోకు చక్రం దగ్గర.

మొదటి మెయిల్ వచ్చింది. నలభై ఆరు మీటర్లు. పది నిమిషాలకు ఇంకోటి. నలభై తొమ్మిది. చక్రం మీద గుర్తు జరిపాను. మూడోది వచ్చింది. బంగారి కళ్లజోడు సరిచేసుకుంది. ఆవిడే పైకి చదివింది. ఒక్క అక్షరం మింగలేదు.

"మూడొందల నలభయ్యో బుడగ. యాభై రెండు మీటర్లు. ఏడు గంటల పద్నాలుగు నిమిషాలకు. ఇదే ఆకరి లెక్క."

గోడ గడియారంలో పదమూడు. ఆవిడ లేచి వచ్చి నా పక్కన చక్రం పట్టుకుంది. సన్నటి ఎముకల చేతులు.

పద్నాలుగు పడింది. తిప్పాం.

మోకు గలగలమని పోయింది. యాభై రెండు దగ్గర ఆపాం. అప్పుడు కింద నుంచి పెద్ద చెయ్యేదో అడ్డం పెట్టి ఎత్తినట్టు బుడగ లేచింది. మోకాళ్లు ముడుచుకుపోయాయి. ఇద్దరం నేల మీద కూలబడ్డాం. చెవులు గుయ్యిమన్నాయి. తీగ మీద దానయ్య చిన్నాన్న గొంతు ఒక్కొక్క వరసనూ లెక్కపెడుతోంది. "మూడో వరస వదిలింది. నాలుగో వరస వదిలింది. ఐదో వరస..." చివరికి, "అందరూ వదిలారు. మూడు వందల నలభై," అని ఆగిపోయాడు.

కిటికీలో మబ్బు పలచబడింది. పసుపు తెల్లబడింది. తెలుపు పొగలా చిరిగింది. ఆ తర్వాత మబ్బు లేదు.

మోకులు వదిలిన బుడగలన్నీ దూరందూరంగా విచ్చుకుని కనిపించాయి. మా ఊరు మొత్తాన్ని నేను ఒక్కసారిగా ఎప్పుడూ చూడలేదు. మబ్బులో పక్క బుడగ కనిపిస్తేనే గొప్ప. ఇప్పుడు మొదటి బుడగ నుంచి చివరి బుడగ దాకా, తెల్లటి మబ్బు నేల మీద మూడు వందల నలభై నీడలతో సహా. ఇంత చిన్న ఊరా మాది? ఇంత అందమైనదా? ఆ మబ్బు నేల మీద అల వంపు తిరిగి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుని ఉంది. దాని కొన మీద మేము.

పైకి చూశాను. పైన ఏమీ లేదు.

ఏమీ లేకపోవడం అంత పెద్దగా ఉంటుందని నాకు తెలీదు. ముదురు నీలం, లోపలికి పోయినకొద్దీ నలుపు. చూపు ఆనడానికి గోడ లేదు. ఒక పక్క సూర్యుడు. మేం చూసే వెలుగు మరక కాదు, అంచు ఉన్న గుండ్రటి సూర్యుడు. రెండో పక్క సన్నటి చుక్కలు. పడిపోతానేమో అనిపించి కిటికీ చట్రం పట్టుకున్నాను. పైకి పడిపోతానని.

తీగ మీద ఎవరూ మాట్లాడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ తీగ ఖాళీగా ఉండగా నేను వినలేదు. తర్వాత ఎవరో పాప గొంతు, "అమ్మా, అదేటి?" అంది. వాళ్లమ్మ చెప్పలేకపోయింది. ఆవిడా ఇక్కడే పుట్టింది. మేమందరం తల మీది మబ్బునే ఆకాశం అనేవాళ్లం.

బంగారి నా పక్కన నేల మీదే కూర్చుని, మొహం పైకెత్తి చూస్తోంది. కన్నీళ్లు చెవుల వైపు జారుతున్నాయి. తుడుచుకోలేదు.

"అదే పైడీ," అంది. "ఆకాశం అంటే అది. ముప్పై నాలుగేళ్లయింది నేను సూసి. ఇంక సూడననుకున్నాను."

పద్నాలుగు నిమిషాలు ఉన్నాం అక్కడ.

చుట్టు 3114, పగలు

లెక్కలు రాయాలి. వెళ్లిన ఆఖరి లెక్క మెయిళ్లు మూడు వందల నలభై. ఇన్‌బాక్సుకు చేరినవి, తెరిచి చదివినవి, చెప్పిన నిమిషానికి మోకు వదిలినవి అన్నీ అంతే. తెగిన మోకులు లేవు. అరవై రెండో బుడగలో ఒకాయన మోకాలు బెణికింది. ఆయన తల పైకెత్తి నడుస్తూ బల్లకు తగిలాడట.

వదిలిన మోకులు తిరిగి లాక్కోవడం ఇంకో మూడు చుట్ల పని. మెయిల్‌తో కాదు, చేతులతో లాగాలి. ఊరంతా పనిలో ఉంది. నేనూ మధ్యాహ్నం నుంచి ఎల్లాజీ బదులు నూట పద్దెనిమిదిలో మోకు పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

పని సాగడం లేదు. రెండు బారలు లాగుతారు, ఆగుతారు, తలెత్తి చూస్తారు. పైన మళ్లీ పాత మబ్బే. పసుపు, మెత్తటిది, తల మీద మూత పెట్టినట్టు. అయినా చూస్తారు.

లచ్చికాంతం అప్ప బుట్టలో వరస వెంట తిరుగుతూ అరుస్తోంది. "మోకు సూడండర్రా! పైనేటుంది? మోకు సూడండి!"

మా దగ్గరికి వచ్చి ముడి పరీక్షించింది. నన్ను తిట్టింది. బుట్ట కదిలింది. మబ్బులో కలిసిపోయే ముందు, ఎవరూ చూడటం లేదనుకుని, మెడ వెనక్కి వాల్చి, రెండు చేతులూ బుట్ట అంచు మీద పెట్టి, అలా పైకి చూస్తూనే వెళ్లిపోయింది.